గోలీ జిల్లా దాకా రాలేదు

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా జావా కోడు రాసుకుని బతికేవాణ్ణి. క్యాన్సర్ గురించి నువ్వు రాయడమేంటి అని కోప్పడేవాళ్ళు కోప్పడొచ్చు. రాయాల్సినవాళ్ళు రాస్తే నాకీ పని పడేది కాదు.

2025 సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది జనగామ జిల్లా, బచ్చన్నపేట వైపు ఒక పల్లె. మా చిన్నమ్మకి 2023లో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అప్పటికి ఆమెకి 46 ఏళ్ళు. ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అయింది. జుట్టంతా ఊడి మళ్ళీ వచ్చింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. సకినాలు నములుతూ ఏదో మాటవరసకి అడిగాను.

"చిన్నమ్మా, గోలీలు ఏస్కుంటున్నవా?"

"ఏ గోలీలు బిడ్డా?"

"అదే, ఆఖర్ల రాసిచ్చిండ్రు గద. రోజుకొకటి."

"అయ్యో, అయ్యి వానకాలమే బంద్ పెట్టిన. ఒళ్ళంత ఆవిర్లు. దుప్పటి కప్పుకుంటే చెమటలు, తీస్తే చలి. మన ఆర్ఎంపీ చూసి గోలీ వేడి చేసింది, ఆపెయ్యమన్నడు. సబ్జలు తాగమన్నడు."

ఫైలు తీయించి చూశాను. చీటీలు, స్కానులు, బిల్లులు కలిపి మూడు కిలోల ఫైలు. చివరి కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక్క లైను. టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఐదేళ్ళు. ఆ 'ఐదేళ్ళు' అన్న ముక్క ఆమెకి ఎవరూ తెలుగులో చెప్పలేదు. అది క్యాన్సర్ గోలీ అని కూడా చెప్పలేదు. కీమోతో నీరసించిన ఒంటికి బలం గోలీ ఇచ్చారనుకుందట. బలం వచ్చింది, ఆపేసింది. ఇందులో ఆమె తప్పేంటో నాకు చెప్పండి.

మొదట ఆర్ఎంపీ మీద మండింది. తర్వాత ఆ ఆస్పత్రి మీద. కాసేపయ్యాక నా మీద నాకే. ఆపరేషన్ రోజు లీవు పెట్టి మరీ వెళ్ళాను, డబ్బులు పంపాను, పళ్ళు పట్టుకెళ్ళాను. గోలీ సంగతి మాత్రం ఏడాది పైగా అడగలేదు. ప్రోగ్రాం రిలీజ్ అవ్వగానే పార్టీ చేసుకుని మెయింటెనెన్స్ ఎవరికీ అప్పజెప్పకుండా పోయే మా జాతి బుద్ధి ఎక్కడికి పోతుంది :(

ఇంతకీ ఈ గోలీ ఏం చేస్తుందో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రొమ్ము క్యాన్సర్లన్నీ ఒకటి కాదు. మన దేశంలో సగానికి పైగా కేసుల్లో ఆ గడ్డ కణాలు ఆడవాళ్ళ ఒంట్లో ఉండే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తిని బతుకుతాయి. ముక్క పరీక్ష రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్ అని రాసేది దీన్నే. ఆపరేషన్లో గడ్డ తీసేసినా కంటికి కనపడని కణాలు ఎక్కడో మిగిలి ఉండొచ్చు. వాటికి తిండి అందకుండా చెయ్యడమే ఈ గోలీ పని. టామాక్సిఫెన్ ఆ కణం తాళంకప్పలో పుల్ల పెట్టినట్టు కూర్చుంటుంది, హార్మోన్ అనే తాళంచెవి లోపలికి దూరదు. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ అనే ఇంకో రకం ఉన్నాయి. అవి హార్మోన్ తయారయ్యే కార్ఖానానే మూసేస్తాయి, కానీ నెలసరి ఆగిపోయినవాళ్ళ ఒంట్లో ఉండే కార్ఖానాని మాత్రమే. నెలసరి ఇంకా ఉన్న ఆమెకి అండాశయాలని ఆపే వైద్యం లేకుండా అవి ఒంటరిగా ఇస్తే పని జరగదు. అంచేత మెడికల్ షాపువాడు "అది లేదమ్మా, ఇదీ గసుంటిదే, తీస్కపో" అంటే తీసుకోకూడదు. నా కళ్ళ ముందే జనగామలో ఒక షాపతను అన్నాడు కాబట్టి చెప్తున్నా.

దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. 1896లో గ్లాస్గోలో బీట్సన్ అనే డాక్టరు, అండాశయాలు తీసేసిన పశువుల పాల సంగతి రైతుల దగ్గర విని, అండాశయానికీ రొమ్ముకీ ఏదో లంకె ఉందని పట్టుకున్నాడు. రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఆడవాళ్ళకి అండాశయాలు తీసేస్తే కొందరిలో గడ్డలు కరిగాయి. ఆ తర్వాత 1962లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే ఆవిడ టామాక్సిఫెన్ తయారుచేసింది. వాళ్ళు వెతుకుతున్నది గర్భం రాకుండా ఆపే గోలీ కోసం. ఎలుకల్లో భేషుగ్గా పనిచేసింది. ఆడవాళ్ళలో ఉల్టా, అండం విడుదలవడం మొదలైంది. పారేయాల్సిన మందు కాస్తా 1973లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో క్యాన్సర్ మందుగా నిలబడింది. ఈ గోలీ వయసు అక్షరాలా మా నాన్న వయసు.

ఇక లెక్కలు. ఈఆర్ పాజిటివ్ ఉన్న ఆడవాళ్ళు ఐదేళ్ళు టామాక్సిఫెన్ వాడితే, ఆ ఐదేళ్ళలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. పదిహేనేళ్ళ లెక్క చూస్తే క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. ఎన్నో దేశాల పరీక్షల వివరాలన్నీ కలిపి ఆక్స్‌ఫర్డ్ బృందం 2011లో ప్రకటించిన లెక్క ఇది. ఐదేళ్ళు కాదు, పదేళ్ళు వాడితే కొందరికి ఇంకా మేలని 2012లో ఇంకో పెద్ద పరీక్షలో తేలింది. ఇంత పని చేసే గోలీ ఖరీదెంత? రోజుకి పది రూపాయల లోపే. హైదరాబాదులో ఆ డబ్బుకి ఇరానీ చాయ్ కూడా రాదు. లెట్రోజోల్ కొంచెం ఎక్కువ, అయినా కీమో బిల్లు పక్కన పెడితే చిల్లర.

అదే దాని పాపమేమో అని నాకో అనుమానం. లక్షల బిల్లు అయితే మంత్రిగారు చెక్కు ఇచ్చి ఫోటో దిగొచ్చు. పది రూపాయల గోలీకి ఎవరు ఫోటో దిగుతారు?

చిన్నమ్మ వార్డులో ఉన్నప్పుడు పక్క మంచాల్లో ఇద్దరితో దోస్తీ అయింది. ముగ్గురికీ కలిసింది ఒకటే, మాది వరంగల్ జిల్లా అంటే మాదీ వరంగల్ జిల్లానే అనుకున్నారట. 2016 అక్టోబరు 11న పాత వరంగల్‌ని ముక్కలు చేశాక చూస్తే ముగ్గురూ మూడు జిల్లాలు. ఒకామె మానుకోట, అంటే మహబూబాబాద్ జిల్లా, గూడూరు దగ్గర తండా. ఇంకొకామె భూపాలపల్లి జిల్లా. సంక్రాంతి పొద్దే కూర్చుని ఆ ఇద్దరికీ ఫోన్ చేయించాను.

మానుకోట ఆమెకి యాభై దాటాయి, ఆమెకి రాసింది లెట్రోజోల్. ఆ గోలీతో కొందరికి కీళ్ళు పట్టేస్తాయి, పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు. ఏసీ రూముల్లో కూర్చునేవాళ్ళకి అదొక ఇబ్బంది. ఆమె బతికేది మిర్చి ఏరుడు కూలి మీద. వేళ్ళు పనిచెయ్యకపోతే ఆ రోజు కూలి లేదు. ఏరుడు మొదలైన నెలలో గోలీ ఆపింది, కూలి గిట్టింది, మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆమె తెలివితక్కువగా ఏమీ చెయ్యలేదు. ఎప్పుడో రాబోయే జబ్బుకీ రేపటి కూలికీ మధ్య బేరం వేసుకుంది. రెండో వైపు ఏముందో చెప్పేవాళ్ళు ఆ బేరంలో లేరు, అంతే. మందు మార్చొచ్చనీ, నొప్పికి దారులున్నాయనీ చెప్పాల్సిన డాక్టరు 200 కిలోమీటర్ల అవతల ఉన్నాడు. మేం ఫోన్ చేసేటప్పటికే ఆమె నడుం నొప్పితో మంచంలో ఉంది. మూటలు మోసిన నొప్పి అనుకుంటున్నారు. తీరా స్కాను తీయిస్తే వెన్నెముక. ఈ రకం క్యాన్సర్ తిరగబెడితే ముందు చూసేది ఎముకల వైపే. గోలీ ఆపకపోతే రాకపోయేదా? ఎవరూ చెప్పలేరు. సగం తగ్గిస్తుందంటే సగం మిగులుతుందనే కదా. కానీ ఆ సగం అవకాశం ఆమె చేతిలోంచి జారిపోయిన సంగతే ఆమెకి తెలియదు. నాకు నిద్ర పట్టనిది అక్కడ.

భూపాలపల్లి ఆమె అందరికన్నా దూరం, ముగ్గురిలో చదువు కూడా తక్కువ. ఆమె ఒక్క రోజు కూడా గోలీ తప్పలేదు! కారణం ఆమె కూతురు. ఆశా వర్కర్. మూడు నెలలకోసారి హనుమకొండ పోయి గోలీలు తెస్తుంది, క్యాలెండర్ మీద రోజూ గీత కొడుతుంది. ఆవిర్లు వస్తే అవి మందువల్లేనని ముందే చెప్పి ఉంచింది. కాలు వాచినా, నెలసరి ఆగాక మళ్ళీ రక్తం కనపడినా వెంటనే చూపించాలని కూడా ఆమెకి తెలుసు. టామాక్సిఫెన్‌తో అరుదుగా రక్తం గడ్డకట్టడం, గర్భసంచి క్యాన్సర్ రావడం ఉన్నాయి మరి. అవి దాచిపెట్టి గోలీ దేవుడిచ్చిందని నేను చెప్పను.

ఇప్పుడు చెప్పండి, "పల్లెటూరి ఆడవాళ్ళకి చదువు లేదు, అందుకే మందులాపేస్తారు" అనే పెద్దమనుషులారా. మొన్న మా ఆఫీసు కాంటీన్‌లో కూడా ఒకాయన ఇదే అన్నాడు. అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మంది ఆడవాళ్ళ మందుల రికార్డులు తిరగేసి 2010లో ఒక అధ్యయనం వేశారు. చదువుకున్నవాళ్ళే, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళే, మందు ఇంటి దగ్గర దొరికేవాళ్ళే. అందులో పూర్తి కాలం, తప్పకుండా వాడినవాళ్ళు 49 శాతం. మన టెకీ అన్నలంతా గ్రీన్ కార్డు కోసం క్యూ కట్టే చోట కూడా సగం మంది పూర్తిగా వాడలేదండీ. ఐదేళ్ళు రోజూ ఒక మందు, అదీ ఏ నొప్పీ లేనప్పుడు, ఉన్న సుఖాన్ని కాస్త చెడగొట్టే మందు మింగడం మనిషన్నవాడికి కష్టం. దీనికి మన పల్లెలని ప్రత్యేకంగా తిట్టక్కర్లేదు.

అన్నట్టు ఈ 'వేడి' సంగతి. మనవాళ్ళకి ప్రతి మందూ వేడో చలవో అయి తీరాలి. ఆవిర్లు పుట్టించే గోలీ వచ్చి వాళ్ళ నమ్మకానికి సాక్ష్యం చెప్పినట్టయింది! "ఈ గోలీతో వేడి ఆవిర్లొస్తాయమ్మా, అది నీ ఒంట్లో హార్మోన్ని అడ్డుకుంటున్న గుర్తు, భయపడకు, ఎక్కువైతే నాకు చెప్పు" అని మొదటి రోజే ఒక్క మాట చెబితే ఆర్ఎంపీ మాట చెల్లేది కాదు. ఆ మాటకి పట్టేది అర నిమిషం. ఓపీలో రోగికి ఆ అర నిమిషం లేదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేననను. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ లేకపోతే మా చిన్నమ్మ ఆపరేషన్ బల్ల దాకా కూడా వెళ్ళేది కాదు. 2023 డిసెంబరు 9న ఒకే రోజు ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలు చేశారు, ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సూ ఉచితం చేశారు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మెడికల్ కాలేజీలు తెరిచారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో ప్రతి జిల్లా ఆస్పత్రిలో డే కేర్ క్యాన్సర్ సెంటర్ అన్నారు. అన్నీ మంచివే. ఇందులో గోలీ ఎక్కడుంది? ఆరోగ్యశ్రీలో ఈ గోలీలకీ ప్యాకేజీ ఉంది. కానీ దానికోసం నెట్‌వర్క్ ఆస్పత్రికి రావాలి, అంటే వరంగలో హైదరాబాదో. బస్సు ఆమెకి ఉచితం, వెంట వచ్చే మొగుడికి టికెట్, ఇద్దరి కూలీ పోయినట్టే. నెల గోలీల ఖరీదు కన్నా అవి తెచ్చుకునే ఖర్చు ఎక్కువ. మా సాఫ్టువేర్లో ఇలాంటి డిజైన్ చేస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తారు.

ఇంకో చిత్రం చూడండి. దేశంలో అత్యవసర మందుల జాతీయ జాబితా అని ఒకటుంది, చివరిసారి 2022లో వచ్చింది. అందులో టామాక్సిఫెన్ ఉంది, లెట్రోజోల్ ఉంది. సంతోషం. ప్రతి మందు పక్కన పీ, ఎస్, టీ అని అక్షరాలుంటాయి. పీ అంటే పీహెచ్‌సీ స్థాయిలోనే ఉండాల్సిన మందు, ఎస్ అంటే దాని పై ఆస్పత్రి, టీ అంటే పెద్దాస్పత్రి. మన గోలీ పక్కన పీ లేదు. ఒక్క అక్షరం. కోడులో పబ్లిక్ అని ఉండాల్సిన చోట ప్రైవేట్ అని ఉన్నట్టు. ఆ అక్షరం లేకపోవడమంటే బచ్చన్నపేట నుంచి జనగామ, జనగామ నుంచి హైదరాబాదు, ఐదేళ్ళ పాటు.

2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు చెప్పిన మాట ఏంటి? పాలన ప్రజల దగ్గరకొస్తుందని. వచ్చింది. కొత్త కలెక్టరేట్ వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది. 2019లో భూపాలపల్లిని ఇంకోసారి కోసి ములుగు కూడా చేశారు. ఇన్ని దగ్గరకొచ్చాయి, బరువు గ్రాము కూడా లేని గోలీ రాలేకపోయింది.

"క్యాన్సర్ మందు పీహెచ్‌సీలో ఇస్తారా, తమాషానా?" అని అడిగిన డాక్టరు మిత్రుడొకడున్నాడు. మొదలుపెట్టమని పీహెచ్‌సీని ఎవరడిగారు? ఈఆర్ రిపోర్టు చూసి, నెలసరి సంగతి చూసి ఏ గోలీయో తేల్చాల్సింది పెద్ద డాక్టరే. ఏడాదికోసారో రెండుసార్లో ఆయనే చూడాలి. మధ్యలో నెలనెలా అదే గోలీ చేతిలో పెట్టడానికి ఆంకాలజిస్టు దేనికి? బీపీ గోలీలు, షుగర్ గోలీలు ఊళ్ళోనే ఇస్తున్నారు కదా. అదే సంచిలో ఇదొకటి వెయ్యండి అంటున్నా.

లెక్క రాసుకునే పద్ధతి కొత్తగా కనిపెట్టక్కర్లేదు కూడా. టీబీ రోగుల కోసం 2012లో నిక్షయ్ అని ఒక వ్యవస్థ పెట్టారు. ఎవరు మందు మొదలుపెట్టారు, ఎవరు మధ్యలో ఆపారు అన్నీ అందులో ఎక్కుతాయి. మందు ఆపితే ఇంటికొచ్చి అడుగుతారు. తిండికి నెలకి 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. హెచ్ఐవీ వాళ్ళకి కూడా మందు దగ్గర్లోనే అందేలా లింక్ సెంటర్లున్నాయి. టీబీ అంటుకుంటుంది కాబట్టి సర్కారుకి భయం, క్యాన్సర్ అంటుకోదు కాబట్టి లేదు అంటారా? అలా అయితే ఆ మాట బయటికి చెప్పమనండి.

ఇంత రాశాక అక్టోబరు గురించి ఒక మాట అనకపోతే ఉండబట్టదు. ఆ నెలొస్తే చార్మినార్‌కి గులాబీ లైట్లు, నెక్లెస్ రోడ్డు మీద పరుగు, గులాబీ టీషర్టు. మా కంపెనీ కూడా ఇచ్చింది, నా దగ్గర రెండున్నాయి. ముందే కనిపెట్టడం మంచిదే, కాదనను. కానీ కనిపెట్టి, కోసి, కాల్చి, చివర్లో గోలీ దగ్గర వదిలేశాక ఆ మనిషి ఏమైందో అడిగే పరుగు ఒక్కటీ లేదు. ఏ జిల్లాలో ఎంతమంది గోలీ మొదలుపెట్టారు, రెండో ఏడాది ఎంతమంది మిగిలారు అన్న రెండు అంకెలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లు ఏటా గోడ మీద రాయించాలి. రోడ్లెన్ని వేశామో రాస్తారు కదా, దాని కిందే.

ఇది చదివేవాళ్ళలో సగం మంది నాలాగే ఊరు వదిలి వచ్చినవాళ్ళే అయ్యుంటారు. ఈసారి దసరాకో సంక్రాంతికో వెళ్ళినప్పుడు మీ ఇంట్లో, పక్కింట్లో రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళుంటే ఫైలు అడగండి. ముక్క పరీక్ష కాగితంలో ఈఆర్ దగ్గర ఏముందో చూడండి. పాజిటివ్ అయితే గోలీ షీటు చూపించమనండి, 'వేసుకుంటున్నా' అన్న మాట నమ్మొద్దు. ఆపేసి ఉంటే తిట్టకండి, ఎందుకాపారో అడగండి. కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి మీరే వెళ్ళండి. మీ అంతట మీరు గోలీ మొదలుపెట్టించడం, మార్చడం మాత్రం చెయ్యకండి.

తా.క.: చిన్నమ్మకి డాక్టరు గోలీ మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. దాదాపు ఆరేడు నెలలు పోయాయి, వాటి సంగతి ఎవరూ ఏమీ చెప్పలేరు. నేను మూడు నెలలకోసారి హైదరాబాదులో కొని ఊరికి వెళ్ళే మావాళ్ళెవరో ఒకరి చేత పంపిస్తున్నా. రోజూ రాత్రి తొమ్మిదింటికి మిస్డ్ కాల్ ఇస్తుంది, వేసుకున్నట్టు గుర్తు. నిన్న రాలేదు. నేనే చేస్తే, "టీవీ సూస్తున్న బిడ్డా, ఇగో ఏస్కుంటున్న" అంది. నీళ్ళు గుటక వేసిన చప్పుడు వినబడే దాకా ఫోన్ పెట్టలేదు.